నీళ్ళు వచ్చేదాకా నోరు విప్పను

3వ తేదీ

ఈ డైరీ పోయినేడు విత్తనాల కంపెనీ వాళ్ళు ఊరికే ఇచ్చింది. పేజీ మీద శనివారం అని అచ్చేసి ఉంది. ఇవాళ సోమవారం. ఏ వారమైతేనేం, నేను నోరు తెరవకూడదు.

నిన్న గొంతులో గడ్డ తీశారు. చిక్కుడు గింజంత ఉందట. పరీక్షకి పంపారు. రిపోర్టు వచ్చేదాకా, వచ్చాక కూడా తను సరేననేదాకా ఒక్క మాట మాట్లాడకూడదంది డాక్టరమ్మ. "గుసగుసలు కూడా వద్దు. వాటివల్ల ఇంకా చేటు," అంది.

"నేను శాసనసభ సభ్యుణ్ణమ్మా," అన్నాను. అప్పటికింకా ఆపరేషన్ కాలేదు, మాట్లాడొచ్చు.

"ఆ సంగతి మీ గొంతుకి తెలీదు కదండీ," అంది. మనిషి నా భుజం దాకా రాదు. నన్ను ఇలా కూర్చోబెట్టిన మొదటి మనిషి ఆవిడే. ప్రతిపక్షం వాళ్ళ వల్ల కూడా కాలేదు.

మా ఆవిడ పలక, బలపం కొనుక్కొచ్చింది. నిండు సభలో గంటన్నర మాట్లాడిన మనిషి చేతికి పలక! "పెద్ద అక్షరాలతో రాయండి, నా కళ్ళద్దాలు వంటింట్లో ఉన్నాయి," అంది. కాఫీ, తువ్వాలు, టీవీ కట్టెయ్. పలక మీద పట్టేవి ఇవే. మిగిలినవన్నీ ఎక్కడ పెట్టుకోను? అందుకే ఇక్కడ రాస్తున్నాను.

భయమేం లేదు నాకు.

4వ తేదీ

పొద్దున్నే ముందు గదిలో జనం. బదిలీ కావాలని ఒకడు, గట్టు తగాదా అని ఇద్దరు, ఊరికే చూసిపోదామని నలుగురు. నీడ వాళ్ళందరికీ "సార్ పడుకున్నారు" అని చెప్పి పంపేశాడు. నీడ అంటే నా సహాయకుడు. మొదటి ఎన్నికల నుంచీ నా వెంటే తిరుగుతున్నాడు, జుట్టు నాకంటే ముందే తెల్లబడింది. అసలు పేరుతో వాళ్ళావిడ కూడా పిలవదనుకుంటాను.

గడ్డ సంగతి బయటికి పొక్కకూడదని నీడకి ఒకటికి రెండుసార్లు రాసి చూపించాను. ఈ నెలాఖరుకి టికెట్లు తేలుస్తారు. గొంతు పోయినవాడికి టికెట్ ఎవరిస్తారు? నా దగ్గర డబ్బు లేదు, పెద్ద కుటుంబం లేదు, చదువు అంతంతమాత్రం. ఉన్నదల్లా గొంతే.

చిన్నప్పుడు జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టల్ని తోలేవాణ్ణి. అన్నయ్య వడిసెల తిప్పేవాడు, నేను కేక వేసేవాణ్ణి. నా కేకకి కాలువ అవతల చేలో పిట్టలు కూడా లేచిపోయేవి. ఆ చేను ఆసామి "మీ చిన్నవాణ్ణి రోజూ తీసుకురండి, నాకు కూలి మిగులుతుంది" అనేవాడు. పెద్దయ్యాక ఒకసారి కాలువ రైతుల మీటింగులో మైకు పాడైపోయింది. "ఆ కేకల వాణ్ణి లేపండి, వాడికి మైకెందుకు," అన్నారెవరో. లేచాను. మళ్ళీ కూర్చోలేదు. రైతు సంఘం, జిల్లా పరిషత్తు, ఆపైన శాసనసభ.

"బావగారికి చెప్పండి," అంటోంది మా ఆవిడ. వద్దని రాశాను. రెండోసారి అడిగింది. పలక మీద సగం మేర నిండేలా వద్దని రాశాను.

నాన్న పోయింది గొంతులో గడ్డతోనే. ఆ ఏడాదంతా అన్నయ్యే చూసుకున్నాడు. చివరికొచ్చేసరికి నాన్నకి మాట లేదు, చెయ్యి ఊపితే అన్నయ్యకి అర్థమయ్యేది. ఇప్పుడు మళ్ళీ ఆ మాట తీసుకెళ్ళి అన్నయ్య చెవిన వెయ్యమంటుందేమిటి ఈవిడ? రిపోర్టు మంచిగా వస్తే చెప్పాల్సిన పనే ఉండదు. మంచిగానే వస్తుంది.

5వ తేదీ

నేను తిరిగి మాట అనలేనని మా ఆవిడకి బాగా అర్థమైంది. పెళ్ళయిన నాటినుంచి దాచిపెట్టుకున్నవన్నీ వరసగా చెబుతోంది. ఇవాళ్టికి పెద్దమ్మాయి పుట్టిన సంవత్సరం దాకా వచ్చింది.

6వ తేదీ

నీడ నా కొంప ముంచాడు.

నిన్న గేటు దగ్గర విలేకరి పట్టుకున్నాడట. "సార్ నాలుగు రోజులుగా ఎవరితోనూ మాట్లాడట్లేదంటగా, ఏంటి సంగతి?" అని. నీడకి చెమటలు పట్టాయి. గడ్డ అనకూడదు. జ్వరం అంటే డాక్టరు ఎవరంటాడు. ఏదో ఒకటి చెప్పాలి కదా అని, "చివరి పొలాలకి కాలువ నీళ్ళు వచ్చేదాకా మా సారు నోరు విప్పరు. ఇది నిరసన," అనేశాడు.

ఇవాళ పేపర్లో మొదటి పేజీ. నా ఫొటో. పాతది, నోరు బార్లా తెరిచి ఉన్నది.

పేపరు చూసి నీడని నాలుగు దులపాలని లేచాను. నోరు తెరిచాను. మా ఆవిడ వచ్చి అరచెయ్యి అడ్డం పెట్టింది. బలపం విసిరాను, తగల్లేదు. మళ్ళీ ఏరుకుని రాశాను. తిట్లు పలక మీద రాస్తే ఏం పస ఉంటుంది? అక్షరాలు దిద్దుకునేలోపు కోపం సగం చల్లారిపోయింది. నీడ మాత్రం చేతులు కట్టుకుని, "సార్, వెధవ అనే మాటలో ధ కి ఒత్తు మర్చిపోయారు," అన్నాడు. మా ఆవిడ నవ్వాపుకోలేక నేల మీద కూర్చుంది.

కాదని చెబుదామంటే గడ్డ సంగతి చెప్పాలి. ఔనందామంటే అబద్ధం. రిపోర్టు వచ్చేదాకా ఊరుకుంటాను. అంతే.

8వ తేదీ

రిపోర్టు రాలేదు.

9వ తేదీ

అన్నయ్య వచ్చాడు.

అన్నయ్య చేను కాలువకి చిట్టచివర ఉంటుంది. పై ఊళ్ళ వాళ్ళు చేపల చెరువులు తవ్వి నీళ్ళన్నీ అటు మళ్ళించుకున్నాక, మూడు కార్లు పండే పొలంలో ఒక కారు పంటకి కూడా దిక్కు లేదు. నాకు ఎప్పుడూ చెప్పలేదు. అడిగితే "నీ అన్నకని నీళ్ళు తెచ్చావంటారు, వద్దులే," అనేవాడు. నేనూ ప్రతి సభలో కాలువ గురించే గొంతు చించుకునేవాణ్ణి. చప్పట్లు కొట్టేవాళ్ళు. నీళ్ళు వచ్చేవి కాదు.

చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, నాలుగు దోసకాయలు బల్ల మీద పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. చాలాసేపు నన్నే చూశాడు. నేను గడ్డం కిందికి తువ్వాలు చుట్టుకున్నాను.

"చలిగా ఉందా?" అన్నాడు.

తల ఊపాను. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది.

"ఒరేయ్, ఇన్నేళ్ళూ నువ్వు మైకులో నీళ్ళు నీళ్ళని అరుస్తుంటే నాకు కోపం వచ్చేదిరా. అరిచేవాడికి ఆయాసం, వినేవాడికి చప్పట్లు. నా చేలో మాత్రం నెర్రెలు. వీడి నోరు ఎప్పుడు మూతపడుతుందా అనుకున్నాను. ఇవాళ నువ్వే మూసుకున్నావు." దోసకాయలు నా వైపు జరిపాడు. "నాన్న ఉంటే సంతోషించేవాడు."

బలపం నా చేతిలోనే ఉంది. రాయొచ్చు. ఒక్క వాక్యం. రాయలేదు.

"మేమూ వస్తాం. చివరి పొలాల వాళ్ళందరం. నీ పక్కన కూర్చుంటాం. ఒక్కడూ నోరు మెదపడు, నాదే పూచీ," అని లేచాడు. వెళ్తూ వెళ్తూ మా ఆవిడతో, "వీణ్ణి బాగా తిననివ్వమ్మా, చిక్కిపోయాడు," అన్నాడు. ఆమె నా వంక చూసిన చూపు ఇక్కడ రాయను.

11వ తేదీ

కాలువల ఇంజినీరు ఆఫీసుకి వెళ్ళాం. మేం అంటే నేను, నీడ, అన్నయ్య, వరండా నిండా రైతులు. ఒక్కరూ మాట్లాడరు. ఆఫీసులో ఫ్యాను చప్పుడు కూడా వినిపించడం అక్కడి గుమాస్తాలకి అదే మొదటిసారి అయ్యుంటుంది.

ఇదివరకు ఈ గదికి ఎన్నిసార్లు వచ్చానో. వచ్చినప్పుడల్లా నేను అరిచేవాణ్ణి, ఆయన వినేవాడు, టీ వచ్చేది, నేను తాగి వచ్చేసేవాణ్ణి. బయట నీడ "సార్ గట్టిగా నిలదీశారు" అని చెప్పేవాడు.

ఇవాళ వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. అన్నయ్య నా పక్కన.

"చెప్పండి సార్," అన్నాడు ఇంజినీరు.

ఊరుకున్నాను.

"పేపర్లో చూశాను సార్. నిజంగా నా చేతుల్లో ఏం లేదు."

ఊరుకున్నాను.

"అంటే, పూర్తిగా లేదని కాదు. గేటు తాళం మా దగ్గరే ఉంటుందనుకోండి." నుదురు తుడుచుకున్నాడు. "చెరువుల వాళ్ళ ఒత్తిడి సార్. మీ పార్టీ ఆఫీసు నుంచే ఫోన్లు వస్తాయి. నేను పిల్లలు గలవాణ్ణి."

టీ వచ్చింది. ముట్టుకోలేదు. వేడిది తాగొద్దంది డాక్టరమ్మ. ఇంజినీరు ఆ కప్పు వంక, నా వంక మార్చి మార్చి చూశాడు.

"టీ కూడా ముట్టరా సార్? నన్ను అలా చూడకండి సార్. వంతులవారీగా వదలమని ఎప్పటినుంచో ఉత్తర్వు ఉంది, కాదనను. వారం లోపే వదిలిస్తాను. కాకపోతే కింది కాలువంతా గుర్రపుడెక్క పట్టి ఉంది, అది తియ్యకపోతే నీళ్ళు దిగవు. మీ రైతులు తీసుకుంటామంటే రేపే మనిషిని పంపుతాను."

అన్నయ్య తల ఊపాడు. నేనూ ఊపాను.

నేనేం ఆయన్ని గుడ్లురిమి చూడలేదు. నా వెనక గోడమీద గడియారం ఉందో, ఆయన వెనక ఉందో వెతుక్కుంటున్నాను, మాత్ర వేసుకునే వేళ దాటిపోతోందని. మింగాలంటే నొప్పి, ఆ నొప్పికే మొహం అలా పెట్టాను. గదిలోంచి బయటికి వస్తుంటే ముసలి రైతు ఒకాయన నా చెయ్యి పట్టుకుని కళ్ళకి అద్దుకున్నాడు. ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో ఇంకా తెలియడం లేదు.

12వ తేదీ

కాలువలో గుర్రపుడెక్క తీస్తున్నారు. నేనూ వెళ్ళాను. మామూలుగా అయితే గట్టు మీద నిలబడి నాలుగు మాటలు చెప్పి కారెక్కుతాను. మాట లేనివాడు గట్టు మీద ఊరికే నిలబడితే దిష్టిబొమ్మలా ఉంటాడు. అందుకని పంచె ఎగ్గట్టి దిగాను.

మొదటి తట్టకే నడుం పట్టేసింది. అన్నయ్య చూసి, దూరం నుంచే రెండు వేళ్ళు కిందికి వంచి చూపించాడు. మోకాళ్ళు వంచు అని. మంచె మీది నుంచి అలాగే చేతులతో మాట్లాడుకునేవాళ్ళం. పిట్టలు ఎటున్నాయో, నాన్న వస్తున్నాడో లేదో, నీళ్ళ ముంత ఎక్కడుందో అన్నీ. ఒక్కటీ మర్చిపోలేదు. మధ్యాహ్నం దాకా అదే మాట్లాడుకున్నాం. ఇన్ని మాటలు మా మధ్య పాతికేళ్ళలో జరగలేదు.

బాగా ఆకలేసింది. నిద్ర కూడా పట్టేలా ఉంది.

13వ తేదీ

రిపోర్టు రాలేదు. ఆలస్యమైతే మంచిదేనంటున్నాడు నీడ. వాడికెలా తెలుసు? నాన్నకీ ఆలస్యంగానే వచ్చింది.

భయమేం లేదు అని రాద్దామనుకున్నాను. బలపం అయితే తుడిచెయ్యొచ్చు. ఇది పెన్ను.

14వ తేదీ

మంచిదే!

మంచిదే. డాక్టరమ్మ మా ఆవిడకి ఫోన్ చేసింది. చెడ్డ గడ్డ కాదు, అరిచి అరిచి లేచిన గడ్డ, అంతే. మా ఆవిడ ఫోన్ పెట్టేసి, నాకు చెప్పి, వంటింట్లోకి వెళ్ళి మిక్సీ వేసింది. ఎంతసేపటికీ ఆపలేదు. వెళ్ళి చూస్తే గిన్నెలో ఏమీ లేదు. ఉత్త మిక్సీ తిరుగుతోంది, ఆమె గట్టు పట్టుకుని ఏడుస్తోంది. నేనూ ఏడ్చాను. ఏడవకూడదని డాక్టరమ్మ చెప్పలేదు.

భయపడ్డాను. రాసేస్తున్నాను, ఇక్కడ కాక ఇంకెక్కడ ఒప్పుకోను. రోజూ నిద్ర లేవగానే అద్దం ముందు నోరు తెరిచి చూసుకున్నాను. రోజూ నాన్న కనిపించాడు. ఇవాళ గుండెల మీది బండ దిగింది. అన్నం నాలుగుసార్లు వడ్డించుకున్నాను. దోసకాయ కూడా తిన్నాను.

మాట్లాడొచ్చట. మెల్లగా, కొంచెం కొంచెంగా. కేకలు మాత్రం ఇక ఈ జన్మకి లేవంది. ఎవరూ వినకుండా స్నానాల గదిలో కుళాయి విప్పి, ఏం మాట్లాడాలా అని ఆలోచించి, మా ఆవిడని పిలిచాను. ఆమె తలుపు దగ్గరకొచ్చి, "లోపల ఎవరండీ?" అంది.

నా గొంతు నేనే గుర్తుపట్టలేదు. సన్నగా ఉంది. గొంతు జీరగా, వేరే ఎవరిదో కొత్తగా వాడుకుంటున్నట్టు ఉంది.

సాయంత్రం నీడ వచ్చాడు. సంతోషంతో నా కాళ్ళు పట్టుకున్నంత పని చేసి, ఆ వెంటనే, "కానీ సార్, ఒక్క మాట కూడా బయటికి రాకూడదు. నీళ్ళు ఇంకా రాలేదు," అన్నాడు.

16వ తేదీ

మాట వచ్చీ ఊరుకోవడం వేరు. మొన్నటిదాకా నా మౌనం నిజం, ఎందుకన్నదే అబద్ధం. ఇప్పుడు మౌనమే అబద్ధమైపోయింది. కాలువలో అన్నయ్య చేతులతో ఏదో అడిగాడు, నా చేతులు సరిగ్గా ఆడలేదు.

రేపు పొద్దున్న గేటు ఎత్తుతారట. నీడ ఉపన్యాసం రాసుకొచ్చాడు. "నా మౌనమే మీ ఆయుధం" అని మొదలవుతుంది. చదివి మడిచి జేబులో పెట్టుకున్నాను. బాగా రాశాడు. అదే బాధ.

18వ తేదీ

ముందు చిన్న సంగతి రాసేస్తాను. టికెట్ నాకేనట. పార్టీ అధ్యక్షుడు ఫోన్ చేశాడు. నిలబడతాను కానీ కేకలు నా వల్ల కాదన్నాను. "నువ్వు మాట్లాడకపోతేనే ఓట్లు పడేలా ఉన్నాయయ్యా," అన్నాడు.

ఇక నిన్నటి సంగతి.

చివరి తూము దగ్గర జనమంతా చేరారు. నీళ్ళు వచ్చాయి. ముందు నురగ, తర్వాత ఆకులు, ఒంటి చెప్పు ఒకటి, వాటి వెనక ఎర్రటి నీళ్ళు. ఎవరూ కేకలు వెయ్యలేదు. అన్ని రోజులు నోరు కట్టుకుని అలవాటు తప్పారు. నీళ్ళు తూములోంచి దూకి అన్నయ్య మడిలో పడ్డాయి. నెర్రెలు తాగుతుంటే బుడబుడమని చప్పుడు. అన్నయ్య పార ఊతగా వంగి, ఆ నీళ్ళలో చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాడు.

నీడ మైకు తెచ్చి నా చేతికిచ్చాడు. అందరూ నా నోటి వంక చూస్తున్నారు. జేబులో కాగితం తడిమాను. అన్నయ్య నీళ్ళలోంచి చెయ్యి తీసి, తడి చేత్తోనే మొహం తుడుచుకుని నా వైపు తిరిగాడు. ఆ మొహం ముందు ఆ కాగితం చదవడం నా వల్ల కాలేదు.

"నేను మీ కోసం నోరు మూసుకోలేదు," అన్నాను. మైకులో కూడా గొంతు సన్నగానే వచ్చింది. "నాకు గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేశారు. డాక్టరు మాట్లాడొద్దంది. ఆ సంగతి దాచిపెట్టాను. నీళ్ళు తెచ్చింది నేను కాదు. ఊరుకుని కూర్చున్నదీ మీరే, కాలువ బాగు చేసుకున్నదీ మీరే."

అప్పుడు ఆ రోజు నా చెయ్యి కళ్ళకి అద్దుకున్న ముసలాయన, "చూశారా, పేరు కూడా తనకి వద్దంటున్నాడు!" అన్నాడు. అంతే, చప్పట్లు. కాదు నిజమే అని రెండు చేతులూ ఎత్తాను. చప్పట్లు రెండింతలయ్యాయి. నీడ కళ్ళు ఒత్తుకుంటున్నాడు. విలేకరి రాసుకుంటున్నాడు. నా జీవితంలో మైకు పట్టుకుని నిజం చెప్పిన సభ అదొక్కటే, ఒక్కడూ నమ్మలేదు.

ఒకడు నమ్మాడు. పార నీళ్ళలో పడేసి, జనాన్ని రెండు చేతులతో తోసుకుంటూ వచ్చాడు అన్నయ్య. వచ్చి ఎదురుగా నిలబడి చెయ్యెత్తాడు. చిన్నప్పటిలాగే తల వంచేశాను. దెబ్బ పడలేదు. బురద చెయ్యి నా మెడ మీద పడి అక్కడే ఉండిపోయింది.

"నోరు తెరువు," అన్నాడు.

అంతమందిలో గేదె తెరిచినట్టు నోరు తెరిచాను. వంగి లోపలికి చూశాడు. ఏం కనిపిస్తుంది, ఏమీ కనిపించదు.

"నాన్నకి వచ్చిన చోటేనా?"

"అదే చోట అన్నయ్యా. కానీ చెడ్డది కాదు. మంచిదేనన్నారు."

"ఎవరన్నారు?"

"డాక్టరమ్మ. పరీక్ష చేసి చెప్పారు."

"నాకెందుకు చెప్పలేదురా?"

చిన్నప్పుడు మంచె మీద నాన్న అనడానికి పెట్టే గుర్తు చేత్తో చూపించాను. అన్నయ్య మొహం అటు తిప్పుకున్నాడు. అన్నయ్య ఏడవడం నేను చూడ్డం అది రెండోసారి. నీళ్ళ గురించి, అబద్ధం గురించి ఒక్క మాట అడగలేదు, ఇప్పటిదాకా అడగలేదు.

నీడ ఫోన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "సార్, అధ్యక్షులవారు లైన్లో ఉన్నారు!" ఆగమన్నట్టు చెయ్యి చూపించాను. ఆ సంజ్ఞ నీడకి అర్థం కాలేదు, అన్నయ్యకి అర్థమై అతన్ని పక్కకి జరిపాడు.

కారు వద్దన్నాం. గట్టు మీద నడుచుకుంటూ వచ్చాం. పక్కన కాలువ నిండుగా పోతోంది. నా మెడ మీది చెయ్యి తియ్యలేదు. కొంత దూరం వచ్చాక, "ఇంకోసారి చెప్పు," అన్నాడు.

"ఏం చెప్పను?"

"ఆవిడేమందో."

"మంచిదేనంది అన్నయ్యా."

ఇంకొంత దూరం నడిచాం. మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాను. మా ఇంటి గేటు దాకా అలా అడుగుతూనే ఉన్నాడు. ఆ చిన్న గొంతుతోనే చెబుతూ వచ్చాను. అన్ని మాటలు ఒక్కరోజే వాడొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.